వాల్కో మాల్ ఎందుకు మూతపడింది? అక్కడ ఇళ్లు ఎప్పటికైనా లేస్తాయా?

కొత్తకాపురం
అందరికీ నమస్కారం. వచ్చే నెల కాలిఫోర్నియాలోని కూపర్టినోలో వుల్ఫ్ రోడ్డు పక్కన అద్దెకు దిగుతున్నాం. ఇల్లు చూడ్డానికి వెళ్తే 280 ఫ్రీవేకి అటు యాపిల్ పార్కు, ఇటు కంచె వేసిన ఖాళీ స్థలం, ఒకప్పటి వాల్కో మాల్ అట. ఈ ధరల్లో అంత నేల ఊరికే పడుంటుందా! లీజింగ్ ఆఫీసు అమ్మాయి "త్వరలో ఇక్కడ డౌన్‌టౌన్ వచ్చేస్తుంది" అంటోంది. మా ఆయనేమో చదువుకునే రోజుల నుంచీ ఇదే మాట వింటున్నానంటున్నారు. పాతవాళ్లు కాస్త చెప్పండి.

వుల్ఫ్‌రోడ్_పాతకాపు
మీ ఆయన మాటే నమ్మండమ్మా.

ఆ మాల్ 1976లో తెరిచారు. రోడ్డుకి రెండు వైపులా మాల్, మధ్యలో వుల్ఫ్ రోడ్డు పైనుంచి వంతెన, ఆ వంతెన మీదా షాపులే. మేం వచ్చిన కొత్తలో మాసీస్, సియర్స్, జేసీ పెన్నీ అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లు మూడూ నడిచేవి. ఇండియా ప్రయాణం ఖాయమైతే సూట్‌కేసులు, చాక్లెట్లు, బావగారికి పెర్ఫ్యూము... జేసీ పెన్నీ క్లియరెన్స్ అరలు మనవాళ్లతోనే నిండేవి.

అందరూ అమెజాన్ వల్ల పోయిందంటారు. నేనొప్పుకోను. మాల్ పక్కనున్న స్టీవెన్స్ క్రీక్ రోడ్డు మీదే తూర్పుకి పోతే వ్యాలీ ఫెయిర్ మాల్ ఉంది, అది ఇప్పటికీ కిటకిటలాడుతోంది. శనివారం సాయంత్రం పార్కింగ్ కోసం చుట్టూ తిరిగి చూడండి, తెలుస్తుంది. అటు పాలో ఆల్టోలో స్టాన్‌ఫర్డ్ షాపింగ్ సెంటర్. డబ్బున్నవాళ్లు ఆ రెండింటికీ పోయారు. వాల్కోకి మిగిలింది మనలాంటి క్లియరెన్స్ బ్యాచ్.

2006లో కూపర్టినో స్క్వేర్ అని పేరు మార్చారు, మరుసటి ఏడు పదహారు తెరల ఏఎంసీ థియేటర్ పెట్టారు. 2008లో దివాలా. 2009లో మళ్లీ చేతులు మారింది, పాత పేరే తిరిగొచ్చింది. పేరు మారిస్తే జాతకం మారుతుందా!

బామ్మ_సన్నీవేల్
మాకు అది మాల్ కాదు బాబూ, పార్కు. అబ్బాయి, కోడలు ఆఫీసులకి పోతే చలికాలం పొద్దున్నే మమ్మల్ని అక్కడ దింపేవారు. మేం, మావారు, విజయవాడ వాళ్లు ఇంకొందరు, బోలెడంతమంది చైనా పెద్దవాళ్లు. అందరం లోపలే ఈ చివర నుంచి ఆ చివరకి నడక. వచ్చినప్పుడల్లా ఇంకో నాలుగు షట్టర్లు దించేసి ఉండేవి. ఒకసారి మావారు "ఇంత పెద్ద ఇంట్లో దీపం పెట్టేవాళ్లు లేరే" అన్నారు. కింద ఐస్ రింకులో మాత్రం పిల్లల కేరింతలు ఆగలేదు. దానికోసమే జనం వచ్చేవారు.

అమీర్‌పేట్_అన్న
ఈ కథ మా దగ్గర గూడ ఉన్నది అన్నా. హైదరాబాద్‌ల పాత కాంప్లెక్సులు జూడు, బిల్డరు ఒక్కొక్క షాపు ఒక్కొక్కనికి అమ్ముకొని చేతులు దులుపుకుంటడు. ఒకడు జిరాక్స్ పెడ్తడు, ఇంకొకడు తాళమేసి అమెరికాకు పోతడు. లిఫ్టు ఖరాబైతే పైసలెవ్వరియ్యాలె? మెయింటెనెన్స్ అసోసియేషన్ మీటింగుల కొట్లాటలే. గట్లనే పాడువడ్తయి. అమెరికాల గూడ గిట్ల ఉంటదా? అక్కడ మాల్ మొత్తం ఒక్క ఓనరే ఉంటడనుకున్న.

జోనింగ్_రాజు
అన్నా, అసలు జబ్బు పట్టేశావు. వాల్కోలో ఆ మూడు పెద్ద స్టోర్ల స్థలాలు మాల్ యజమాని చేతిలో లేవు. మధ్యలో నడవాలు, చిన్న షాపులు ఒకరివి. చివర్లలో ఆ పెద్ద స్టోర్ల డబ్బాల్లాంటి భవనాలు వేరేవాళ్లవి. మాల్‌ని తిరగగట్టాలంటే వీళ్లంతా ఒక మాట మీదకి రావాలి. ఎవరి లెక్క వాళ్లది. 2014లో శాండ్ హిల్ ప్రాపర్టీ అనే కంపెనీ వచ్చి ముక్కలన్నీ కొనేదాకా ఎవరివల్లా కాలేదు. ఆ తర్వాత మాసీస్, సియర్స్ 2015లో, జేసీ పెన్నీ 2016లో మూసేశారు. అంటే చివర్లో మాల్ చచ్చిపోలేదు, కూల్చడం కోసమే ఖాళీ చేయించారు.

ఇక ముక్కలు ఒకటయ్యాక ఊరు ముక్కలైంది. అది ఇంకా పెద్ద కథ.

మొదటి ప్లాను పేరు హిల్స్ ఎట్ వాల్కో. రఫాయెల్ వినోలీ అనే ఆర్కిటెక్టు గీశాడు. మొత్తం కట్టడాల మీద 30 ఎకరాల తోట, కింద 20 లక్షల చదరపు అడుగుల ఆఫీసులు, 800 ఇళ్లు. ఆ లెక్కే చూడండి. అన్ని ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఎక్కడుంటారు? 2016 నవంబరులో రెండు ప్రతిపాదనలు ఓటుకి వచ్చాయి. ఈ ప్లానుకి అనుకూలంగా మెజర్ డీ, వాల్కోని షాపింగ్‌కే ఉంచాలని మెజర్ సీ. జనం రెండిటినీ ఓడించారు! ఇదీ వద్దు, అదీ వద్దు.

తర్వాత కంపెనీ రూటు మార్చింది. ఇళ్ల లక్ష్యం అందుకోని ఊళ్లలో, నిబంధనలకి సరిపోయే ప్లానుని కౌన్సిల్ ఆపడానికి వీల్లేకుండా రాష్ట్రం 2017లో ఎస్‌బీ 35 అనే చట్టం తెచ్చింది. దాని కింద 2018లో 2,402 ఇళ్లకి దరఖాస్తు పెట్టి అనుమతి తెచ్చుకున్నారు. సగం తక్కువ ఆదాయం వాళ్లకి. అక్టోబరులో కూల్చడం మొదలుపెట్టారు. స్థానికులు కోర్టుకెళ్లారు, 2020లో ఓడిపోయారు.

ఇంటిపన్ను_బాధితుడు
రాజు గారూ, వ్యతిరేకించినవాళ్లని మరీ విలన్లని చెయ్యకండి. నేనూ వాళ్లలో ఒకణ్ణే. వుల్ఫ్ రోడ్డు మీద సాయంత్రం ఐదింటికి మీరొకసారి కారు తోలండి. పక్కనే యాపిల్ పార్కు. బడుల్లో పిల్లల సంగతి ఏంటి, నీళ్ల సంగతి ఏంటి? బట్టలు కొనుక్కునే చోటు తీసేసి ఆఫీసులు పోస్తామంటే అడగకూడదా?

అద్దెబతుకు
అడగండి సార్. కానీ మీరు కొన్నప్పటి ధర, ఇప్పటి ధర కూడా ఇక్కడ రాయండి. మా పిల్లల టీచరు రోజూ ఎక్కడో దూరాన ఉన్న ట్రేసీ ఊరి నుంచి వస్తుంది. ఆవిడ కారు కూడా ట్రాఫిక్ కిందే లెక్క. ఇక్కడే ఇల్లుంటే ఆ కారు రోడ్డెక్కదు కదా.

ఇంటిపన్ను_బాధితుడు
సగం ఇళ్లు తక్కువ ఆదాయం వాళ్లకి అన్నారుగా? కొత్త ప్లానులో 2,669 ఇళ్లు, వాటిలో 890 మాత్రమే. అంటే మూడో వంతుకి దిగింది. ఇంకెంతకి దిగుతుందో ఆ దేవుడికే తెలియాలి. మీ టీచరు గారికి నా సానుభూతి.

అద్దెబతుకు
ఒప్పుకుంటా. 890 అయినా సున్నా కంటే నయం కదా. ఇన్నేళ్లుగా మనకున్నది ఆ సున్నానే.

కొత్తకాపురం
అమ్మో, ఇంత కథ ఉందా! అయితే కంపెనీ కోర్టులో గెలిచాక కూడా ఇళ్లు ఎందుకు లేవలేదు?

జోనింగ్_రాజు
ఒకటి, మట్టి. పాత సియర్స్ ఆటో సెంటర్ వైపు నేలలో పీసీఈ (గ్రీజు వదిలించే ద్రావకం) లాంటి రసాయనాలు బయటపడ్డాయి. కౌంటీ పర్యావరణ ఆరోగ్య విభాగం పరీక్షలు, శుభ్రం చేసే పని అంటే ఏళ్లు పడుతుంది. రెండు, డబ్బు. కోవిడ్ తర్వాత ఆఫీసులకి గిరాకీ పడిపోయింది, వడ్డీలు పెరిగాయి. ఇళ్ల ఖర్చుని ఆఫీసు అద్దెలతో మోద్దామన్న లెక్క తప్పింది. అందుకే ప్లాను పదేపదే మారుతోంది. ప్లాను పేరు మాత్రం బాగుంది, ది రైజ్, అంటే లేవడం!

అమీర్‌పేట్_అన్న
పేర్లు పెట్టుడుల మాత్రం బిల్డర్లందరు ఒక్కటే అన్నా 😄

వుల్ఫ్‌రోడ్_పాతకాపు
కొత్తకాపురం గారూ, డౌన్‌టౌన్ వస్తుందన్న లెక్కతో అద్దె ఎక్కువ కట్టకండి. లీజు ఏడాదికే రాయించుకోండి. పని మొదలైతే దుమ్ము, లారీల మోత తప్పదు, కాబట్టి స్థలం వైపు కిటికీలున్న ఇల్లు ఇస్తామంటే అద్దె తగ్గించమని అడగండి. కాఫీకి, సాయంత్రం నడకకి స్టీవెన్స్ క్రీక్ రోడ్డు మీదే మెయిన్ స్ట్రీట్ అనే షాపుల సముదాయం ఉంది.

కొత్తకాపురం
వాళ్లు చూపించింది సరిగ్గా ఆ వైపు ఇల్లే అండీ. రేపే ఫోన్ చేస్తా.