సమస్య: “కోటి రంగు లుండఁ గోరె బూది”

నిర్వాహకుడు (పర్లాకిమిడి):
కవిమిత్రులకు నమస్కారం. మొన్న బరంపురంలో ఒక పెళ్లి విడిది ముందు నిలిచిన ఖరీదైన కార్ల వరుసను చూస్తుండగా ఈ పాదం తట్టింది. ఆ వరుసలో తెలుపు, నలుపు, బూడిద తప్ప నాలుగో వర్ణం లేదు. కార్ల క్రయవిక్రయాల వెబ్‌సైటు ఐసీకార్స్ అమెరికా కార్లను లెక్కగట్టి, 2004లో నూటికి 60 దాకా ఉన్న తెలుపు, నలుపు, బూడిద, వెండి వర్ణాలు 2023 నాటికి 80కి చేరాయని చెప్పింది. రోల్స్‌రాయిస్ వారు తమ వద్ద 44,000 రంగులు సిద్ధంగా ఉన్నాయని చెప్పుకుంటున్న కాలంలోనే ఇలా జరగడం నాకు వింతగా తోచింది. పూరణలో, అంటే ఈ పాదంతో ముగిసేలా మీరు అల్లే పద్యంలో, కారు తప్పక ఉండాలి. విభూతి దారి అందరికీ తెలిసినదే కనుక పరమశివునికి ఈసారి విశ్రాంతి ఇవ్వవలసిందిగా మనవి.

ఋషికుల్య (బరంపురం):

పూరి తేర్లు మూఁడు పూఁతలు వేర్వేరు
పసుపు పచ్చ యెఱుపు పసలు చూప,
తేరు వంటి కారు తెప్పించుకొను నాఁడు
కోటి రంగు లుండఁ గోరె బూది.

మా ఊరి పట్టు దుకాణంలో అంచు రంగు కుదరలేదని పూటంతా కూర్చుని చీరలన్నీ విప్పించే పెద్దమనిషే భువనేశ్వరం వెళ్లి, ఆ చీరకు వందల రెట్లు ధర పలికే కారును “ఏది సిద్ధంగా ఉంటే అది ఇవ్వండి” అని తెచ్చుకుంటున్నాడు. జగన్నాథుడు మాత్రం ఏటా కొత్త రథం చేయించుకుంటాడు, అయినా తన రంగు మార్చుకోడు, అన్నగారి రంగు అడగడు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
ఋషికుల్య గారి పద్యం నడక బాగుంది. ఆయన పద్యాలలో నడక ఎప్పుడూ బాగానే ఉంటుంది, చేరే చోటు గురించే మాకు సందేహం. జగన్నాథుని రథం నందిఘోష ఎరుపు పసుపు, బలభద్రుని తాళధ్వజం ఎరుపు ఆకుపచ్చ, సుభద్ర దర్పదళనం ఎరుపు నలుపు కాగా, మూడింటికీ ఎరుపు సామాన్యమై ఉండగా “పూఁతలు వేర్వేరు” అనడం ఎలా పొసగుతుందో వారే చెప్పాలి. పైగా అవి పూతలు కావు, రథాలకు కప్పే వస్త్రాల రంగులు.

ఋషికుల్య:
సామాన్యమైన ఎరుపు ఉన్నా రెండో రంగుతోనే భక్తుడు దూరం నుంచి ఏ రథం ఎవరిదో గుర్తిస్తున్నాడు. ఇప్పటి కార్లలో ఆ రెండో రంగు కూడా కరువైంది. పద్యం చెప్పేది అదే. పూత, వస్త్రం అన్న తగాదాను మహేంద్రతనయ గారు తమ పూరణ వేసిన తరువాత కొనసాగిద్దాం.

వంశధార (గుణుపురం):

పక్క యింటి వారు పట్నాన గొన్నట్టి
కారు మెరుపు చూడఁ గన్ను చెదరు;
వెలను నడుగఁ దాను వివరించె నిట్లని:
“కోటి”; రంగు లుండఁ గోరె బూది.

కొలాబు (జయపురం):
భళా! “కోటి” దగ్గర పాదాన్ని విరిచి, దానిని కారు వెలగా మార్చిన ఈ విరుపు కోసమే ఈ సమస్య పుట్టినట్లుంది. ఫోర్డు మోడల్ టీ 1914 నుంచి 1925 దాకా నలుపులో తప్ప దొరకలేదు, కానీ అది చవక బండి, కొనేవాడికి ఎంపిక లేదు. కోటి పెట్టినవాడు ఎంపిక ఉండి కూడా దానిని వదులుకోవడంలో ఉన్న హాస్యం ఈ ఒక్క విరుపుతో పండింది. ఇందులో ఇంకొక వింత కూడా ఉంది. 2023లో ఇకపై బూడిద రంగు కార్లు చేయబోమని ప్రకటించినది చిన్న కార్ల ఫియట్టే గాని, కోట్ల కార్ల సంస్థ ఏదీ కాదు.

అయితే “వెలను నడుగ” అన్నచోట రెండో నకారానికి పని లేదు. “వెలను జెప్పుఁ డనఁగ” అంటే గణమూ నిలుస్తుంది, సంధీ నిలుస్తుంది.

మహేంద్రతనయ:
విరుపు బాగుంది కాని, పక్కింటివాడిని ఎగతాళి చేయడంతో సరిపోయింది. రంగు కోరినవాడు ఒకప్పుడు ఎలా కోరేవాడో కూడా చెప్పాలి కదా.

రాజుకోట వారు రంగరించిన కారు
కావి పూఁత తోడఁ గదలి వచ్చె;
నేఁటి రాజు లేమొ నీరసించిన మదిఁ
గోటి రంగు లుండఁ గోరె బూది.

రాజకోట (గుజరాత్‌లోని రాజ్‌కోట్) మహారాజు 1934లో చేయించుకున్న రోల్స్‌రాయిస్ ఫాంటమ్, ‘స్టార్ ఆఫ్ ఇండియా’ అని పేరు పొందినది, కాషాయ వర్ణంలో ఉంటుంది. అప్పట్లో సంస్థ చట్రమూ యంత్రమూ ఇస్తే, పై శరీరాన్ని వేరే పనివారు కొనేవారి మనసు తెలుసుకుని కట్టేవారు. కనుక రంగు కూడా పట్టికలోంచి ఏరుకునేది కాదు, కూర్చుని చెప్పి చేయించుకునేది.

ఋషికుల్య:
విషయం ఘనం, సంస్థానాల గడ్డ మీద పుట్టినవారికి తగిన పూరణ. కాని “రాజులు” బహువచనమై “గోరె” ఏకవచనమైంది. రాజులు కోరిరి గాని కోరె కాదు. ఇది నాలాంటి సామాన్యుడు చేస్తే క్షమించవచ్చు, పోయిన సమస్యలో నా విభక్తిని పట్టుకుని మూడు రోజులు వదలని పండితుల కలం నుంచి రావడం ఆశ్చర్యం. “నేఁటి రాజు చూడ” అని ఉంటే బాధ లేకపోయేది.

ఆ పోయిన సమస్య గుర్తుకు వచ్చింది కనుక, అప్పుడు వారు వేసిన “ఆకుపచ్చ జీపు నడిపెద నేనంచు” అన్న పాదాన్ని మిత్రులు మరిచిపోలేదని తెలియజేస్తున్నాను. నడిపెదలోని నకారం సహజమైన హల్లు, దానికి పాదం మొదటి ‘ఆ’తో యతిమైత్రి (పాదంలో కుదరవలసిన అక్షరాల పొత్తు) ఎక్కడిది? పైగా ఆ జీపుకు ఆలివ్ పచ్చ వేయిస్తానని కింద వచనంలో వ్రాశారు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 121వ నియమం ప్రకారం ఆ రంగు రక్షణ శాఖ వాహనాలకే చెల్లుతుంది. ఒక్క పాదంతో ఛందస్సునూ చట్టాన్నీ కలిపి దాటిన కవి మన సరిహద్దు జిల్లాలలో మరొకరు లేరు.

మహేంద్రతనయ:
ఆలివ్ కాకపోతే చిలకపచ్చ వేయిస్తాను, రిజిస్ట్రేషన్ పత్రంలో రంగు మార్పు నమోదు చేయించుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. కనీసం నేను ఒక రంగు కోరాను. ఋషికుల్య గారి వాకిట్లో ఉన్నది ఏ రంగు కారో వారే చెప్పాలి.

ఋషికుల్య:
తెలుపు. బరంపురం ఎండలో నల్లకారు తలుపు పట్టుకుని చూసినవారికి కారణం చెప్పనక్కరలేదు.

కొలాబు:
ఎండ వాదం చల్లని దేశాలలో చెల్లదు, అక్కడా ఇదే వరస. నాకు తోచిన కారణం ఇది:

అమ్ము నాఁటి మాట నాలోచనము సేసి
కొనెడు నాఁటి వలపు కూలఁ దన్ని
తనది కాని కన్నుఁ దగిలించుకొని చూచి
కోటి రంగు లుండఁ గోరె బూది.

కర్మాగారంలో రంగు మారిన ప్రతిసారీ పిచికారీ గొట్టాలను ద్రావకంతో కడగవలసి ఉంటుంది కనుక, ఒకే రంగు బండ్లను వరుసగా నడిపించడం వారికి లాభం. ముందుగానే కార్లు తెప్పించి నిలవ ఉంచే అమ్మకందారు ఎవరికైనా నచ్చే రంగునే తెప్పిస్తాడు. కొనేవాడు అయిదేళ్ల తరువాత తన కారును కొనబోయే, ఇంకా ముఖమైనా తెలియని మనిషికి ఏది నచ్చుతుందో ఊహించి, ఆ ఊహనే తన అభిరుచి అనుకుంటాడు. లోపలి తోలు, చెక్క, తివాచీ కూడా ఒక్కొక్కటిగా ఏరుకునే రోజులు పోయి కట్టలు కట్టలుగా (ప్యాకేజీలుగా) కొనవలసిన రోజులు వచ్చాయి. ఐరోపాలో 2018 నుంచి డబ్ల్యూఎల్‌టీపీ అనే కార్ల ఉద్గారాల పరీక్ష కింద, బరువునూ గాలి ఒరిపిడినీ మార్చే అదనపు అమరికలను కూడా కర్బన ఉద్గారాల లెక్కలోకి తీసుకోవలసి రావడంతో, అక్కడి సంస్థలు విడి ఎంపికలను ఇంకా కుదించాయి.

వంశధార:
“తనది కాని కన్ను” దగ్గర నేను ఆగిపోయాను. నా పక్కింటివాడిని వెక్కిరించినది నేను, అతని మనసులోకి వెళ్లినది మీరు. ఒక్క “కూలఁ దన్ని” మాత్రం వలపుకు కొంచెం మోటుగా ఉంది.

కొలాబు:
షోరూములో భర్త ఎర్రకారు వైపు నడుస్తుంటే, భార్యతో సహా అందరూ కలిసి ఆయనను తెల్లకారు వైపు తిప్పడం చూసినవారికి అది మోటుగా అనిపించదు.

నిర్వాహకుడు:
ఈ వారం కొలాబు గారి మూడో పాదానికి మొదటి తాంబూలం, వంశధార గారి విరుపుకు రెండోది. మహేంద్రతనయ, ఋషికుల్య గార్లు రథాల పూతలా వస్త్రాలా అన్న చర్చను ఇక్కడే పద్యాలలో కొనసాగించవచ్చు, వచనంలో మాత్రం వద్దు. శివుని విడిచిపెట్టినందుకు అందరికీ కృతజ్ఞతలు. తరువాతి సమస్య ఆదివారం.