"దీనార టంకాల" సమాసమూ, ఫణం మీది "స" అక్షరమూ

శ్రీకాకుళం నుంచి:
"దీనార టంకాల తీర్థమాడించితి" అన్న శ్రీనాథుని చరణాన్ని మా నాన్నగారు ఇనప్పెట్టె తెరిచినప్పుడల్లా చదివేవారు. దీనారాలూ టంకాలూ అని ద్వంద్వంగా విడదీయాలా, దీనారాలనే టంకాలని కర్మధారయం చేయాలా అన్నది నాకు నేటికీ తెగలేదు. ఆ పెట్టెలోనే దొరికిన, చిటికెనవేలి గోరంత బంగారు నాణెం ఫొటో జతచేస్తున్నాను. ఒకవైపు పడుకొన్న ఎద్దు మూపురం మాత్రమే మిగిలింది. రెండోవైపు "స" వంటి అక్షరం, దాని కింద 6 అనిపించే గీత ఉన్నాయి. దీనిని టంకం అనవచ్చునా?

నరసన్నపేట నుంచి:
టంకం అనడానికి తూకం చాలదండి. ఇది కళింగను ఏలిన గాంగ రాజుల ఫణం, అంటే చిన్న బంగారు నాణెం, అర గ్రాముకు అటూ ఇటూగా తూగుతుంది. "స" అంటే సంవత్సరం, కిందిది రాజ్యవర్షం, అంటే రాజు ఏలుబడిలో ఎన్నో ఏడో చెప్పే అంకె. అయితే మీరు చదివిన 6 నాకు మింగుడు పడడం లేదు. రాజ్యవర్షాలను కొన్ని అంకెలు వదిలేసి లెక్కించే అంకలెక్కలో 1, 6 ఉండవు. 16, 26 కూడా ఉండవు, సున్నతో ముగిసేవాటిలో 10 ఒక్కటే నిలుస్తుంది. కాబట్టి అది అంకసంవత్సరమే అయితే, అక్కడ 6 ఉండడానికి వీలులేదు.

విజయనగరం నుంచి:
మాస్టారూ, "స" కనబడగానే సంవత్సరం అనేయడం తొందరపాటు. శాతవాహన నాణేలపై "సాతకణిస" అన్నప్పుడు చివరి "స" ప్రాకృత షష్ఠి, అంటే శాతకర్ణి యొక్క అని. అంచు అరిగిన నాణెంలో ఏ అక్షరం మిగిలిందో దానినే పూర్తి పాఠమనుకొనే ప్రమాదం ఉంది. ఇక సమాసం సంగతికి వస్తే, దీనారం రోమన్ల దేనారియస్ నుంచి వచ్చిన మాట. శ్రీనాథుని నాటికి అది కవిత్వంలో బంగారానికి గౌరవనామంగా మిగిలిపోయింది కనుక నా ఓటు కర్మధారయానికే.

నరసన్నపేట నుంచి:
ఆ షష్ఠి ఇక్కడ పొసగదు. శాతవాహనుల నాణేలు ఎక్కువగా సీసంతోనూ, పోటిన్ అనే రాగి మిశ్రలోహంతోనూ చేసినవి. సీసం మట్టిలో తెల్లని పొర కడుతుంది, రాగి పచ్చబారుతుంది, బంగారం మాత్రం అరుగుతుందే తప్ప చిలుము పట్టదు. పైగా వాటి అక్షరాలు అంచు చుట్టూ తిరుగుతాయి, ఇక్కడి "స" నడుమ ఒంటరిగా నిలిచింది. ముఖలింగం గుడి శాసనాలను పట్టుదలతో చదివిన గిడుగు వారి నేల మీద ఉండి, అక్షరం ఎక్కడ నిలిచిందో చూడకుండా విభక్తి తేల్చడం మనకు తగదు.

విజయనగరం నుంచి:
లోహం మాట ఒప్పుకొన్నాను. అయితే ఆ గీత అసలు అంకెయేనా? గాంగుల ఫణాల మీద "స" పక్కన ఏనుగును అదిలించే అంకుశం ఉంటుంది. ఫొటోను పావువంతు తిప్పి చూడండి, కింద ఉన్నదనుకొన్నది పక్కకు వస్తుంది. అరిగిన అంకుశం కొక్కెం 6 లాగే కనబడుతుంది.

శ్రీకాకుళం నుంచి:
తిప్పి చూశాను. చింతపండు తగలనివ్వకుండా, వట్టి నీటిలో నానబెట్టి, దీపాన్ని ఏటవాలుగా పెట్టి చూస్తే కొక్కేనికి సన్నని పిడి కూడా ఉన్నది. కానీ ఇప్పుడు "స" తలకిందులైనట్లు తోస్తున్నది, అది "స" కాదేమో అన్న అనుమానం మొదలైంది. కొత్త ఫొటో రేపు పగటి వెలుతురులో తీసి పెడతాను.

నరసన్నపేట నుంచి:
ఎద్దు మూపురం పైకి ఉండేలా పట్టుకొని, అక్కడి నుంచి నాణేన్ని పక్కకు తిప్పి తీయండి. నిలువుగా తిప్పితే మళ్లీ ఇదే వస్తుంది.