కోర్సు మధ్యలో ఆపితే మళ్ళీ వెనక్కి పోతోంది, కాస్త చెప్పండి

కోర్సు_డెస్క్: పొద్దుటి నుంచీ దీనితోనే కుస్తీ. దూరవిద్య పాఠాలన్నీ ఆన్‌లైన్ మాడ్యూళ్ళుగా మార్చి ఎక్కించాం. సగం దాకా బాగానే నడుస్తోంది. ఆ తర్వాత ఎక్కడ ఆపినా, మళ్ళీ తెరిస్తే ఆ సగం దగ్గరికే తీసుకుపోతోంది. ఉద్యోగం చేసి వచ్చి రాత్రి కూర్చునేవాళ్ళు చేసిన క్విజ్‌లే మళ్ళీ చేస్తున్నారు. బ్రౌజర్ మార్చాను, క్యాష్ తీసేశాను, తిరిగి అప్‌లోడ్ చేశాను. ఏం లాభం లేదు.

లాగ్_చూడు: ఏ ప్లాట్‌ఫాం? పాఠాలను కట్టిన స్కార్మ్ ప్యాకేజీ (ఆన్‌లైన్ పాఠాలు ఏ ప్లాట్‌ఫాంలోనైనా నడిచేలా కట్టే ప్రమాణం) 1.2నా, 2004నా?

పాఠరచన: ముందు అసలు సంగతి చూడండి. పుస్తకాన్ని స్లైడులుగా ముక్కలు చేస్తే దూరవిద్య అయిపోదు. 1971లో బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ పాఠాలు మొదలైనప్పుడు పోస్టులో పుస్తకం, బీబీసీలో ప్రసారం, అసైన్‌మెంట్ మీద ట్యూటర్ రాసే వ్యాఖ్యలు ఒకదానికొకటి ఆసరాగా ఉండేవి. ఇప్పుడు నెట్ పోతే చదువూ ఆగిపోతోంది. డౌన్‌లోడ్ చేసుకునే ప్రతి, ఆడియో తప్పనిసరిగా ఇవ్వండి.

కోర్సు_డెస్క్: అవి ఇచ్చామండీ. నా సమస్య అది కాదు. మూడుల్ అనే కోర్సుల సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. వెర్షన్ ఎక్కడ చూడాలి?

లాగ్_చూడు: ప్యాకేజీ జిప్ విప్పి, అందులో ఏమేం ఉన్నాయో చెప్పే మ్యానిఫెస్ట్ ఫైల్‌లో స్కీమా వెర్షన్ చూడండి.

కోర్సు_డెస్క్: 1.2 అని ఉంది.

లాగ్_చూడు: అయితే అదే. 1.2లో సస్పెండ్ డేటాకు, అంటే ఎక్కడ ఆగారో గుర్తుపెట్టుకునే గడికి, 4096 అక్షరాలే హద్దు. ఆగిన పేజీ, క్విజ్ జవాబులు చాలా ప్యాకేజీల్లో అందులోకే పోతాయి. హద్దు దాటాక కొత్తది ఎక్కదు, పాతదే మిగులుతుంది. బ్రౌజర్ కన్సోల్‌లో (ఎర్రర్లు చూపే చోట) 405 ఎర్రర్ కనిపించాలి. మాడ్యూల్‌ని యూనిట్లుగా విడగొట్టండి, లేదా అడ్మిన్‌తో, ఈ హద్దును పట్టుబట్టి పాటించే స్కార్మ్ స్టాండర్డ్స్ మోడ్ ఆఫ్ చేయించండి.

పరీక్షల_పని: విడగొడితే 'పూర్తి' అని దేన్ని లెక్కిస్తారు? 1.2లో కంప్లీటెడ్, పాస్డ్ రెండింటికీ ఒకటే గడి. ఒకటి రాస్తే రెండోది ఉండదు.

పాఠరచన: చివరి స్లైడు చేరితే పూర్తి అనడమే తప్పు. క్విజ్ పాసవ్వాలి.

పరీక్షల_పని: పాసవడం వేరు, పూర్తి చేయడం వేరు. మూడు యూనిట్లు చదివి క్విజ్ రాయనివాళ్ళకు ట్యూటర్ ఫోన్ చేయాలంటే ఆ తేడా తెలియాలి కదా.

పాఠరచన: ఆ తేడా అసైన్‌మెంట్‌లో తెలుస్తుంది, స్లైడుల లెక్కలో కాదు.

కోర్సు_డెస్క్: 405 కనిపించింది. మోడ్ ఆఫ్ చేయించాం, టెస్ట్ ఖాతాలో ఆగిన చోటే తెరుచుకుంది. థ్యాంక్సండీ.

పరీక్షల_పని: మరి ఇప్పటిదాకా పోయిన జవాబుల సంగతి?