సముద్ర దోసకాయ లార్వా ఆల్గే తినట్లేదు, ఎవరైనా చూశారా?

ఉప్పాడ కుర్రోడు:
అన్నలూ, ఎనిమిదేళ్లు వెనామీ రొయ్య పిల్లల హేచరీలో ఆల్గే (లార్వాకి మేతగా వేసే సూక్ష్మ నాచు) సెక్షన్ చూశాను. ఇప్పుడు ఎర్ర సముద్రం ఒడ్డున సముద్ర దోసకాయ హేచరీలో చేస్తున్నాను, రకం శాండ్‌ఫిష్. లార్వా ఆరికులేరియా స్టేజీలో ఉంది, అంటే ఈదుతూ మేసే దశ, ఐదో రోజు. మన అలవాటు కొద్దీ నీళ్లు టీ రంగు తిరిగేదాకా కీటోసెరాస్ ఆల్గే పోశాను. మైక్రోస్కోపులో చూస్తే సగం వాటికి పొట్ట ఖాళీ, గాజు పెంకుల్లా ఉన్నాయి. ట్యాంకు అడుగున జిగురు పేరుకుంది.

చీరాల గాలి:
జోయియాకి, అంటే రొయ్య లార్వాకి పోసినట్టు పోశావు తమ్ముడూ, అక్కడే దెబ్బతింది. జోయియా పొద్దస్తమానం మేస్తుంది, వెనక దారంలా రెట్ట వేలాడుతూ కనిపిస్తుంది. ఆరికులేరియా అలా కాదు. ఒంటి చుట్టూ ఉన్న నూగుతోనే ఈదాలి, దాంతోనే మేత నోటికి తోసుకోవాలి. మిల్లీలీటరుకి 20 వేల ఆల్గే కణాలతో మొదలెట్టు, పెరిగేకొద్దీ 40 వేల దాకా వెళ్లు. రంగు చూసి పోయకు, కౌంట్ వేసి పొయ్యి.

భీమిలి మైక్రోస్కోపు:
ఆల్గే కల్చర్ ఎన్నో రోజుది? ఐసో (ఐసోక్రైసిస్ ఆల్గే) ఇవ్వట్లేదా?

ఉప్పాడ కుర్రోడు:
ఏడో రోజుది అన్నా, బాగా ముదిరింది. ఐసో ఉండేది. ఒక రాత్రి ఆల్గే రూమ్‌లో ఏసీ ఆగిపోయింది, పొద్దున్నకి మొత్తం క్రాష్.

భీమిలి మైక్రోస్కోపు:
ముదురు కల్చర్‌లో ముద్దలు కడతాయి, బ్యాక్టీరియా కూడా వెంట వస్తుంది. నాలుగో రోజుదే వాడు. ఐసోలో తాహితీ రకం తెప్పించుకో, వేడికి కాస్త ఓర్చుకుంటుంది. రెండూ కలిపితేనే మంచిది: కీటోసెరాస్‌లో ఈపీఏ ఎక్కువ, ఐసోలో డీహెచ్ఏ, రెండూ లార్వాకి కావాల్సిన కొవ్వులే. ముందు ఆ జిగురు సైఫన్ పైపుతో లాగెయ్యి.

నెల్లూరు చెరువు:
ఇంత కష్టం ఎందుకు, మన దగ్గరే పెట్టొచ్చుగా? రేటు బాగుంటుందంట.

చీరాల గాలి:
జైల్లో కూర్చుని లెక్కపెట్టుకో రేటు. 2001లోనే దీన్ని వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో పెట్టారు, పులితో సమానంగా. విద్య మనకి రాక కాదు, సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు తూత్తుకుడిలో 1988లోనే దీని పిల్లల్ని తీశారు.

ఉప్పాడ కుర్రోడు:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా. మేత సగానికి తగ్గించి, లేత కల్చర్ పోశాను. ఐసో పక్క హేచరీ నుంచి ఒక కార్బాయ్ (పెద్ద సీసా) అడిగి తెచ్చాను. బతికినవాటికి పొట్ట బంగారు రంగు తిరిగింది. పెద్దవాటికి ఒంటి అంచుల్లో గాజుపూసల్లాంటి గుండ్రటివి వస్తున్నాయి. రోగమా?

భీమిలి మైక్రోస్కోపు:
రోగం కాదు, శుభవార్త. రూపం మారబోతున్నాయి. తర్వాతి దశ డోలియోలేరియా, అది అయ్యాక పీపాలా కుంచించుకుపోతుంది, చిన్నదైందని భయపడకు. అప్పుడది మేత ముట్టదు. ఆ తర్వాత పెంటాక్టులా అయి ఎక్కడో ఒకచోట అతుక్కోవాలి. అవి అతుక్కునే ప్లేట్లకి నావిక్యులా ఆల్గే పూత పట్టించావా?

ఉప్పాడ కుర్రోడు:
పట్టించలేదు అన్నా. ఇప్పుడే ప్లేట్లు కడిగి ఎండలో నీళ్లలో దింపుతున్నా.