మాథ్యూ పాషన్‌లో క్వయర్ అందుకున్నప్పుడే ఎందుకు తట్టుకోలేం?

గోదారిగట్టు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను లైప్‌జిగ్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. మొన్న గుడ్ ఫ్రైడేకి ఇక్కడి థామస్ చర్చిలో జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన సెయింట్ మాథ్యూ పాషన్ విన్నాను, మత్తయి సువార్తలోని యేసు సిలువ కథను పాటలుగా చెప్పే రచన అది. మా ఇంట్లో త్యాగరాజ కీర్తనలు తప్ప మరో సంగీతం లేదు, నేనూ చిన్నప్పుడు కొన్నాళ్లు నేర్చుకున్నాను. ఈ సంగీతం కొత్త. చేతిలో ఇంగ్లిష్ అనువాదం పెట్టుకుని విన్నాను.

సోలోలు బాగున్నాయి, ముఖ్యంగా వయొలిన్‌తో వచ్చే ఒక ఆల్టో (ఆడవాళ్ల కింది గొంతు) పాట. కానీ క్వయర్, అంటే బృందంగా పాడేవాళ్లు, అందుకున్నప్పుడల్లా ఒళ్లు జలదరించింది. ఒకచోట శిష్యులంతా కంగారుగా ఏదో అడుగుతారు, వెంటనే నెమ్మదిగా ఒక పాట వస్తుంది. అక్కడ ఏడుపు ఆపుకోలేకపోయాను. నేను క్రైస్తవురాలిని కాదు, నా జర్మన్ కూడా అంతంతమాత్రమే. ఒక మంచి గొంతు ఒంటరిగా పాడితే రాని కన్నీళ్లు అంతమంది కలిస్తే ఎందుకొచ్చాయి? శబ్దం పెద్దదవ్వడం వల్లేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట టెనర్ జవాబు:

శబ్దం వల్ల కాదండీ. మీకు ఏడుపొచ్చిన పాటను ఏ క్వయరైనా మెల్లగానే పాడుతుంది. అసలు సంగతి, ఆ పాట ఎవరి నోటి నుంచి వస్తోందన్నది.

మాది గుంటూరు లూథరన్ కుటుంబం. 1842లో హేయర్ అనే జర్మన్ దేశస్థుడు అమెరికా సంఘం తరఫున గుంటూరు వచ్చి మొదలుపెట్టిన మిషన్ మాది. బాఖ్‌దీ లూథరన్ సంఘమే. అయినా నేను ఈ పాషన్ నేర్చుకున్నది ఊళ్లో కాదు. ఉద్యోగం మీద లండన్‌లో ఉన్నప్పుడు, వారానికోసారి రిహార్సల్ చేసుకునే ఒక మామూలు క్వయర్‌లో టెనర్‌గా, అంటే మగవాళ్ల పై గొంతులో, పాడాను. బయట కూర్చుని వినేవాళ్లకు ఒకలా ఉంటుంది, లోపల నిలబడ్డవాళ్లకు మరొకలా.

శిష్యులు అడిగేది "ప్రభువా, నేనా?" అని. మీలో ఒకడు నన్ను శత్రువులకు అప్పగిస్తాడు అని యేసు అనగానే అడుగుతారు. ఒకరి మాట మీద ఒకరు పడిపోతూ, ఐదారు బార్లలో (తాళం కొలతలు) అయిపోతుంది. అందులో "ప్రభువా" అన్న పిలుపు సరిగ్గా 11 సార్లు వస్తుంది. పన్నెండోవాడు, ఆయన్ని అప్పగించబోయే యూదా, అతను తర్వాత ఒంటరిగా అడుగుతాడు. మత్తయి సువార్తలో ఆ ప్రశ్నకు జవాబు యేసు చెప్పాలి. బాఖ్ ఆయన్ని వెంటనే చెప్పనివ్వడు. కథను అక్కడే ఆపేసి క్వయర్ చేత చెప్పిస్తాడు: "నేనే. చేతులూ కాళ్లూ కట్టేసి నరకంలో పడాల్సింది నేనే." ఇప్పుడే "నేనా?" అని అడిగిన గొంతులే ఇలా అంటున్నాయి. ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఉండదు.

ఇది 1727 ఏప్రిల్ 11న, గుడ్ ఫ్రైడే నాడు, మీరు కూర్చున్న ఆ చర్చిలోనే మొదటిసారి పాడారని చెబుతారు. ఇలాంటి నెమ్మది పాటల్ని కోరల్స్ అంటారు. అక్కడి జనానికి అవి నోటికొచ్చు, మా పెద్దమ్మ ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకం తెరవకుండా పాడినట్టు. అంటే కథ మధ్యలో వాళ్ల ఇంటి పాట వచ్చి, నేరం వాళ్ల మీదే పెట్టింది. సోలో పాడే మనిషిని చూసి మనం జాలిపడొచ్చు, మెచ్చుకోవచ్చు. క్వయర్ "నేనే" అంటే మాత్రం దూరంగా కూర్చుని వినడానికి చోటుండదు.

రెండో భాగంలో ఇది ఇంకా తీవ్రంగా ఉంటుంది. యేసు, బరబ్బా అనే ఖైదీ, ఈ ఇద్దరిలో ఎవర్ని విడిచిపెట్టమంటారు అని రోమన్ గవర్నర్ పిలాతు గుంపును అడుగుతాడు. ఈ రచనలో ఉండే రెండు క్వయర్లూ కలిసి ఒకే మాట, ఒకే దెబ్బ: "బరబ్బా!" రిహార్సల్‌లో అది సరిగ్గా పడే వరకు మా మాస్టర్ వదల్లేదు, ఎవరూ ఎవరి కోసమూ ఆగకూడదు అనేవారు. తర్వాత "సిలువ వేయుము" అని అరుస్తాం, ఒక్కో పార్టూ (గొంతుల వరసా) వచ్చి చేరుతూ. అది అయ్యీ కాగానే అవే గొంతులతో "ఎంత వింత శిక్ష ఇది, గొర్రెల కోసం కాపరి బాధపడుతున్నాడు" అని మెల్లగా కోరల్ పాడాలి. ఇతను చేసిన కీడేంటి అని పిలాతు అడుగుతాడు. జవాబు గుంపు చెప్పదు, ఒక సోప్రానో (ఆడవాళ్ల పై గొంతు) చెబుతుంది: మా అందరికీ మేలు చేశాడు, గుడ్డివాళ్లకు చూపిచ్చాడు, కుంటివాళ్లను నడిపించాడు. ఆ వెంటనే వచ్చే ఆమె పాటకు ఒక ఫ్లూటు, రెండు ఓబోలు మాత్రమే తోడు. కింద బేస్ (మంద్రస్థాయి) వాయిద్యం ఒక్కటీ లేదు. మనం అంతా కదలకుండా నిలబడి వింటాం. అది అయిపోయాక మళ్లీ మనమే "సిలువ వేయుము" అంటాం, ఈసారి ఒక స్వరం పైన. అంత అందమైన పాట విన్నాక కూడా మనం మారలేదు. నాకు అన్నిటికంటే కష్టమైన చోటు అదే. గొంతుకు కష్టం కాదు, ఆ మాట అనడమే కష్టం.

తంబూరశ్రుతి జవాబు:

టెనర్ గారు మాటల సంగతి చెప్పారు. నేను కర్ణాటక వయొలిన్ వాయిస్తాను కాబట్టి స్వరాల సంగతి చెబుతాను. మన కచేరీలో షడ్జమం ఎక్కడికీ పోదు, దాని మీద నమ్మకంతోనే రాగం తిరుగుతుంది. ఇక్కడ కిందున్న ఆధారమే కదులుతుంది. ఒక గొంతు ఒక స్వరాన్ని పట్టుకుని ఉంటే మిగతావి కింద నుంచి జరిగిపోతాయి, ఇప్పటిదాకా హాయిగా ఉన్న స్వరమే గుచ్చుకోవడం మొదలవుతుంది. తర్వాత అది ఒక మెట్టు దిగితే ప్రాణం లేచొస్తుంది. బరోక్, అంటే బాఖ్ కాలపు వాళ్లు దీన్ని మళ్లీ మళ్లీ వాడారు.

చర్చి ఆరాధన మాటలకు బాఖ్ కట్టిన బి మైనర్ మాస్‌లో "క్రూసిఫిక్సుస్" (సిలువ వేయబడ్డాడు) వినండి. నాలుగు బార్ల బేస్ అర స్వరం చొప్పున దిగుతూ 13 సార్లు వస్తుంది. 1714లో రాసుకున్న ఒక కాంటాటా (చర్చిలో పాడే చిన్న రచన) నుంచి బాఖ్ దీన్ని తెచ్చుకున్నాడు. చివరిసారి పైనున్న ఫ్లూట్లు, వయొలిన్లు ఆగిపోతాయి, గొంతులు సమాధి దగ్గర మాట్లాడుకుంటున్నట్టు కిందికి వెళ్లిపోతాయి. అప్పుడు ఎవరూ ఊహించని విధంగా, దుఃఖంగా వినిపించే మైనర్ వదిలి, వెలుగుగా వినిపించే మేజర్‌లో ముగుస్తుంది. మరుక్షణం ట్రంపెట్లతో పునరుత్థానం. ఆ రెండింటి మధ్య పాజ్ నొక్కకండి.

పాతపుస్తకం జవాబు:

ఒక ఇబ్బంది చెప్పాలి. ఇదే పాషన్‌లో "ఇతని రక్తం మా మీద, మా పిల్లల మీద" అని గుంపు అంటుంది. ఆ వాక్యం పేరు చెప్పి యూదుల మీద యూరప్‌లో శతాబ్దాల పాటు చేసిన దాడులు చదివాక నాకు ఆ సంగీతంలో పూర్తిగా మునిగిపోవడం కుదరడం లేదు.

బ్రాడీపేట టెనర్ జవాబు:

కుదరకపోవడమే న్యాయం. నేను పాడినప్పుడు కూడా ఆ బార్ల దగ్గర గొంతు బిగుసుకుపోయేది. వాక్యం సువార్తలోది, దానివల్ల జరిగిన హాని నిజం. సంగీతం గొప్పదైనంత మాత్రాన ఆ హాని చెరిగిపోదు. నన్ను నిలబెట్టేది ముందు చెప్పిన ఆ "నేనే" అనే కోరల్ పాటే. తప్పెవరిది అని కథ అడిగినప్పుడు బాఖ్ వేరే జనం వైపు వేలు చూపించలేదు, బెంచీల్లో కూర్చున్న లైప్‌జిగ్ వాళ్ల చేత "నేనే" అనిపించాడు. నేను పాషన్‌ను అక్కడి నుంచే వింటాను.

గోదారిగట్టు:

అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు మళ్లీ వినాలని ఉంది. ఎవరి రికార్డింగ్ వినమంటారు?

బ్రాడీపేట టెనర్:

కార్ల్ రిక్టర్ 1958 రికార్డింగ్‌లో క్వయర్ పెద్దది, నడక నిదానం. గార్డినర్ 1988లో చేసినది చురుగ్గా ఉంటుంది, గుంపు అరుపులకు అదే వినండి. నాకు దగ్గరైనది మసాకి సుజుకి, జపాన్ క్వయర్‌తో 1999లో చేసినది. ప్రతి పార్టూ విడిగా వినిపిస్తుంది. ముందే మొత్తం పెట్టుకోకండి, రెండు గంటల నలభై నిమిషాలు దాటుతుంది. "బరబ్బా" దగ్గర మొదలుపెట్టి రెండో "సిలువ వేయుము" దాకా ఆపకుండా వినండి, పది పన్నెండు నిమిషాలే. ఇంకోటి, యేసు మాట్లాడినప్పుడల్లా వెనక వయొలిన్లు వెలుగులా పరుచుకుంటాయి. సిలువ మీద "ఏలీ, ఏలీ" (నా దేవా, నా దేవా) అన్నచోట అవి ఉండవు. అది గమనించండి.

లైప్‌జిగ్‌లోనే ఉన్నారుగా, థామస్ చర్చిలో శుక్రవారం సాయంత్రం ఆరింటికి, శనివారం మధ్యాహ్నం మూడింటికి మోటెట్ (క్వయర్ పాటలతో సాగే చిన్న ఆరాధన) ఉంటుంది. స్కూలు సెలవుల్లో మాత్రం థామస్ అబ్బాయిలు, అంటే ఆ చర్చి సొంత అబ్బాయిల క్వయర్, ఉండరు, వేరే క్వయర్లు పాడతాయి. తేదీలు చూసుకుని వెళ్లండి.