కోపర్నికస్‌ను పెంచింది పినతండ్రా, మేనమామా?

తార్నాక టీచర్:
అందరికీ నమస్కారం. నేను తార్నాకలో ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మా వార్షిక సంచిక కోసం ఖగోళ శాస్త్రవేత్త కోపర్నికస్ మీద వ్యాసం రాస్తున్నాను. తండ్రి పోయాక ఆయనను పినతండ్రి అయిన బిషప్ పెంచాడని ఒకచోట, మేనమామ పెంచాడని మరొకచోట చదివాను. ఇంగ్లీషులో ఇద్దరికీ అంకుల్ అన్న ఒక్క మాటే ఉండడం వల్ల వచ్చిన చిక్కు ఇదని నా అనుమానం. నా తరగతిలో ఊరి నుంచి వచ్చి మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్న పిల్లలు నలుగురున్నారు. నేనూ వారాసిగూడలో మా మామయ్య ఇంట్లో ఉండి చదువుకున్నవాణ్నే. అందుకే ఈ మాట సరిగ్గా పడాలని నా పట్టుదల. కోపర్నికస్‌ను పెంచిన ఆ బంధువు చేసిన సాయం చదువు ఖర్చుల వరకేనా, అంతకు మించి ఉందా అన్నది కూడా దయచేసి చెప్పగలరు.

నల్లకుంట లెక్చరర్:
మాస్టారూ, మేనమామే, సందేహం అక్కర్లేదు. తల్లి పేరు బార్బరా వాట్సెన్‌రోడె, ఆమె తోబుట్టువు లూకాస్ వాట్సెన్‌రోడె. నేటి పోలండ్‌లోని తోరున్ పట్టణంలో 1473 ఫిబ్రవరి 19న పుట్టిన కోపర్నికస్‌కు సుమారు పదేళ్లప్పుడు, రాగి వ్యాపారి అయిన తండ్రి మరణించగా, నలుగురు పిల్లల బాధ్యతనూ లూకాస్ తన మీద వేసుకున్నాడు. అయితే అప్పటికి ఆయన బిషప్ కాడు. వార్మియా అనే ప్రాంతపు చర్చి పీఠానికి బిషప్ అయింది 1489లో. మీ వాక్యంలో ఆ వరస తప్పకుండా చూసుకోండి. మేనల్లుణ్ని 1491లో క్రాకోవ్ విశ్వవిద్యాలయానికి పంపాడు. ఆ తర్వాత, తాను 1473లో, అంటే ఆ పిల్లవాడు పుట్టిన ఏడాదే, చర్చి న్యాయశాస్త్రంలో డాక్టరేట్ పొందిన ఇటలీలోని బొలోన్యాకే 1496లో అదే చదువుకు పంపాడు. తాను నడిచిన దారిలోనే నడిపించాలన్న ఆశ అందులో నాకు స్పష్టంగా కనిపిస్తుంది.

అడ్వకేట్, హిమాయత్‌నగర్:
ఇందులో పలుకుబడి పాత్రను కూడా పిల్లలకు దాచకుండా చెప్పాలని నా మనవి. 1497లో, కోపర్నికస్ ఇంకా ఇటలీలో విద్యార్థిగా ఉండగానే, వార్మియా పీఠంలో కానన్ పదవి, అంటే ప్రధాన చర్చి నిర్వాహక మండలిలో రాబడి ఉన్న సభ్యత్వం, దక్కింది. అన్న ఆండ్రియాస్‌కూ అక్కడే పదవి వచ్చింది. మేనమామ అండ లేకుండా ఇది జరిగేది కాదు. కానీ ఆ పదవి రాబడే 1543లో చనిపోయేదాకా ఆయనకు కూడు పెట్టింది, ఆకాశం చూసుకునే తీరిక ఇచ్చింది. అలాంటి పదవే దొరికిన అన్న మాత్రం ఖగోళశాస్త్రంలో ఏమీ చేయలేదు.

నౌబత్ పహాడ్ వీక్షకుడు:
న్యాయశాస్త్రం కోసమని పంపితే బొలోన్యాలో ఆయన ఖగోళ ఆచార్యుడు దొమెనికో నొవారా దగ్గర చేరాడు. 1497 మార్చి 9 రాత్రి చంద్రబింబం రోహిణి నక్షత్రాన్ని మరుగుపరచడాన్ని చూసి, ఆ పరిశీలనను దశాబ్దాల తర్వాత తన మహాగ్రంథంలో వాడుకున్నాడు. పంచాంగం చూసే ప్రతి ఇంటికీ తెలిసిన ఆ రోహిణే! 1503లో తిరిగివచ్చి, బిషప్ నివాసమైన లిడ్జ్‌బార్క్ కోటలో మేనమామకు కార్యదర్శిగా, వైద్యుడిగా 1510 వరకు పనిచేశాడు. ఆయన అచ్చువేయించిన మొదటి పుస్తకం ఖగోళానిది కాదు. ఒక గ్రీకు రచయిత లేఖలకు లాటిన్ అనువాదం. 1509లో వచ్చిన ఆ పుస్తకాన్ని మేనమామకే అంకితమిచ్చాడు. మరుసటి ఏడే ఆ కొలువు వదిలి, వార్మియా పీఠపు ప్రధాన చర్చి ఉన్న ఫ్రోంబోర్క్‌కు వెళ్లాడు. 1512లో మేనమామ కన్నుమూశాడు. భూమికి బదులు సూర్యుణ్ని నడుమ నిలిపిన ఆ మహాగ్రంథం వెలువడింది 1543లో, కాబట్టి పెంచిన చేయి దాన్ని తాకలేదు. ఇది తలచుకుంటే నాకు మనసు బరువెక్కుతుంది.

తార్నాక టీచర్:
అందరికీ కృతజ్ఞతలు. "తర్వాతి కాలంలో బిషప్ అయిన మేనమామ" అని మార్చాను, కానన్ పదవి సంగతి కూడా చేర్చాను. జనవరి నడుమ రాత్రి తొమ్మిది దాటాక రోహిణి మన హైదరాబాద్‌కు దాదాపు నడినెత్తిన ఉంటుంది కదా, అప్పుడు పిల్లలను బడి డాబా మీదికి తీసుకెళ్లి చూపిస్తాను. వాళ్ల మామయ్యలను కూడా రమ్మంటాను.