స్కాలర్‌షిప్ కోసం రెండేళ్లు ఆగాలా? ఇల్లు తాకట్టు పెట్టి జనవరికే వెళ్లిపోవాలా?

గుత్తికోట

అందరికీ నమస్కారం. మాది గుత్తి. అనంతపురంలో సివిల్ ఇంజనీరింగ్ చదివి 2025లో బయటికొచ్చాను, 8.1 సీజీపీఏ. నాన్నకు ఆరెకరాల మెట్ట ఉంది, వేసిన బోర్లు ఎండిపోయాయి. ఊళ్లో ఒక చిన్న ఇల్లుంది. అంతే మా ఆస్తి.

ఒక కన్సల్టెన్సీ వాళ్లు యూకేలో 2026 జనవరికి సీటు ఇప్పించారు. "మీ పాపకు మూడు వేల పౌండ్ల స్కాలర్‌షిప్ వచ్చింది సార్" అని నాన్నకు ఫోన్ చేశారు. ఆయన ఆ మాట బజారంతా చెప్పుకున్నాడు. స్కాలర్‌షిప్ పోను, ఖర్చులన్నీ కలిపి 28 లక్షలు లోన్ కావాలంట, ఇల్లు తాకట్టు పెట్టాలంట. మా సీనియర్ అక్కేమో "రెండేళ్లు ఎక్కడైనా పని చేసి పూర్తి స్కాలర్‌షిప్‌కు ట్రై చెయ్" అంటోంది. నాకు భూగర్భ జలాల సబ్జెక్టు చదవాలని ఉంది. వీళ్లు ఇప్పించింది కన్‌స్ట్రక్షన్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మీరైతే ఏం చేస్తారు?

ఏడురోడ్లు, కడప

వెళ్లిపో చెల్లెమ్మా. నేను లోన్ తీసుకునే పోయినా, తిరిగొచ్చి బెంగళూరులో చేస్తున్నా, లోన్ తీరింది. స్కాలర్‌షిప్ వస్తే పోతామన్న నా క్లాస్‌మేట్లు ఇంకా ఫారాలు నింపుతూనే ఉన్నారు.

చీవెనింగ్ అంటారు, యూకే ప్రభుత్వం ఇచ్చే పూర్తి స్కాలర్‌షిప్, దానికి రెండేళ్ల అనుభవం, గంటల్లో అయితే 2,800 చూపించాలి. అమెరికా చదువుకిచ్చే ఫుల్‌బ్రైట్ నెహ్రూకు మూడేళ్లు. దేశం మొత్తం నుంచి ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ వాళ్లు, ఐఐటీ వాళ్లు పోటీకొస్తారు. అక్కడ మన అఫిలియేటెడ్ కాలేజీ పేరు చూసి ఎవరు పిలుస్తారు? పైగా యూకేలో రూల్స్ బిగిస్తున్నారు. చదువయ్యాక ఉండనిచ్చే వీసా రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గిస్తున్నారు. ఆలస్యం చేసేకొద్దీ నష్టమే.

బురుజునీడ, కర్నూలు

ఏడురోడ్లు గారూ, ఆ 18 నెలల రూలు 2027 జనవరి నుంచి పెట్టే దరఖాస్తులకు. ఈ అమ్మాయి 2026 జనవరిలో చేరితే కోర్సు ముగిసేది 2027లోనే. తొందరపడి పోయినా ఆమెకు దక్కేది 18 నెలలే. ఆ లెక్క ముందు సరిచూసుకోండి.

నేను బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో చేస్తాను. మన సీమ తల్లిదండ్రులు పొలం పాసుపుస్తకం సంచీలో పెట్టుకుని వస్తారు. "ఐదెకరాలు సార్, రోడ్డు పక్కనే" అంటారు. బాకీ పడితే సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు వ్యవసాయ భూమిని స్వాధీనం చేసుకోలేదు, అందుకే చదువు లోన్లకు మామూలుగా పొలాన్ని తీసుకోరు. కాబట్టి చివరికి ఇంటి మీదికే వస్తుంది. తాకట్టు లేకుండా ఇచ్చే ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలు ఉన్నాయి, వడ్డీ ఇంకా ఎక్కువ.

ఇప్పుడు లెక్క. 28 లక్షలు, 11 శాతం వడ్డీ అనుకుందాం. చదువు ఏడాది, ఆ తర్వాత ఆరు నెలల గడువు. ఈ ఏడాదిన్నరకు వడ్డీ కట్టకుండా వదిలేస్తే అసలు 32 లక్షలు దాటుతుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 45 వేలు. లండన్‌లో ఉద్యోగం దొరికితే కష్టం కాదు. దొరక్క తిరిగొచ్చి ఇక్కడ 30 వేల జీతానికి చేరితే ఇల్లు పోయినట్టే. రికవరీ నోటీసులు పంపేది మేమే, అందుకని చెబుతున్నా.

ఇంకో మాట. ఆ మూడు వేల పౌండ్లను మీ నాన్న స్కాలర్‌షిప్ అనుకుంటున్నాడు, పాపం. విదేశీ విద్యార్థుల్లో అడిగిన వాళ్లకల్లా ఇచ్చే ఫీజు తగ్గింపు అది. చీర మీద ముందు రేటు పెంచి తర్వాత ఆషాఢం డిస్కౌంట్ అన్నట్టు.

డ్రెస్డెన్‌లో సీమోడు

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఈ థ్రెడ్‌లో అందరూ "ఇప్పుడే పోవాలా, రెండేళ్లు ఆగాలా" అని రెండే దారులు చూస్తున్నారు. మూడోది ఉంది, దానికి గడువు ఇప్పుడే నడుస్తోంది.

ఎరాస్మస్ ముండస్ జాయింట్ మాస్టర్స్ పేరు విన్నావా చెల్లీ? యూరోపియన్ యూనియన్ డబ్బు. ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు, రెండేళ్ల కోర్సుకు 24 నెలలూ ఇస్తారు. కనీసం రెండు దేశాల్లో చదవాలి. చాలా కోర్సులకు ఉద్యోగ అనుభవం అక్కర్లేదు, అప్లికేషన్ ఫీజు కూడా ఉండదు. సాధారణంగా అక్టోబరు నుంచి జనవరి లోపు అప్లై చేస్తే ఆ వచ్చే సెప్టెంబరులో క్లాసులు. నువ్వడిగిన సబ్జెక్టులోనే ఒకటుంది, గ్రౌండ్‌వాచ్ అంటారు. భూగర్భ జలాలు, వాతావరణ మార్పు కలిపి లిస్బన్, డెల్ఫ్ట్, డ్రెస్డెన్‌లలో చెప్తారు. కన్సల్టెన్సీ వాళ్లు దీని ఊసే ఎత్తరు. వాళ్లకు కమీషన్ ఇచ్చేది యూనివర్సిటీలు. ఇందులో వాళ్లకు పైసా రాదు.

పోటీ మాత్రం గట్టిగా ఉంటుంది. ఒక్కో కోర్సుకు ప్రపంచం మొత్తానికి కలిపి ఇచ్చేవి కొన్ని పదులే. కానీ ఏడురోడ్లు అన్న అన్నట్టు కాలేజీ పేరు ఒక్కటే చూడరు. మనలాంటోళ్లు ఓడేది ఎస్‌ఓపీ దగ్గర, అదే, ఈ కోర్సు ఎందుకు కావాలో మనం రాసిచ్చే వ్యాసం. "చిన్నప్పటి నుంచి నాకు ఇంజనీరింగ్ అంటే మక్కువ" అని మొదలుపెడతారు. అలాంటివి వాళ్లు రోజుకు వంద చదువుతారు.

నువ్వు రాయాల్సింది మీ పొలంలోనే ఉంది. ఏ ఏడు బోరు వేశారు, ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయి, ఎప్పుడు ఎండింది, పక్క పొలంలో వాళ్లది ఎంత లోతు. నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని రాసుకో. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ మద్దతుతో మన అనంతపురం, కర్నూలు, కడపతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో ఒక ప్రాజెక్టు నడిచింది. రైతులే తమ బావుల్లో నీటిమట్టం కొలుచుకుని, ఉన్న నీళ్లను బట్టి ఏ పంట వేయాలో లెక్క వేసుకున్నారు. దాని గురించి చదువు. అందులో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అని నీ మాటల్లో రాయగలిగితే, ఐఐటీ కుర్రాడికి లేనిది నీ దగ్గర ఉన్నట్టు.

శనక్కాయలక్క, అనంతపురం

మగాళ్లందరూ "ఆగు, ట్రై చెయ్" అని ఎంత సులభంగా చెప్తున్నారో! మా ఇళ్లల్లో ఆడపిల్ల రెండేళ్లు ఆగితే ఏమవుతుంది? సంబంధాలు చూస్తారు. నన్ను కూడా "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నారు, ఆ వచ్చే ఏడు శ్రావణంలో పెళ్లి చేశారు. ఆ పాప జనవరి గురించి ఇంతగా ఆలోచించడంలో ఆ టెన్షన్ కూడా ఉండి ఉంటుంది, పైకి చెప్పకపోయినా.

కాబట్టి ఆగితే ఇంట్లో కూర్చోకూడదు. గుత్తిలో అసలొద్దు. నీళ్ల మీద పనిచేసే సంస్థలోనో, సైట్ మీదో జీతం తక్కువైనా చేరు. అనంతపురంలోనే ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల విదేశీ భాషల స్కూలుంది, పోయి జర్మన్ సంగతి కనుక్కో. చేతిలో ఉద్యోగం, నేర్చుకుంటున్న భాష ఉంటే ఇంట్లో మాట్లాడే తీరే మారుతుంది.

ఏడురోడ్లు, కడప

అక్కా, నేననేదీ అదే. ఆగడం అందరికీ ఒకేలా ఉండదు. డ్రెస్డెన్ తమ్ముడు చెప్పింది బానే ఉంది, రాకపోతే? మే నెలలో "సారీ" అని మెయిల్ వస్తుంది, జనవరి సీటూ పోయి ఉంటుంది.

డ్రెస్డెన్‌లో సీమోడు

రాకపోతే జర్మనీ. ఎక్కువ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటోళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా ఫీజు తీసుకుంటోంది. వీసాకు ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి, అంటే ఇంచుమించు 12 లక్షలు. అది నీ ఖర్చుకే నెలనెలా వెనక్కొస్తుంది. ముందు ఏపీఎస్ సర్టిఫికెట్ కావాలి, అంటే మన డిగ్రీ కాగితాలు అసలైనవేనని జర్మన్ ఎంబసీ వైపు నుంచి ఇచ్చేది, దానికి టైం పడుతుంది. 28 లక్షలకు, 12 లక్షలకు తేడా లేదా అన్నా?

అనుభవం వచ్చాక, జర్మనీలో విదేశీ విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు ఇచ్చే డాడ్ (DAAD) సంస్థ వాళ్ల ఈపోస్ స్కాలర్‌షిప్ ఉంది. డిగ్రీ తర్వాత రెండేళ్ల పని, డిగ్రీ అయి ఆరేళ్లు దాటకూడదు. నీళ్ల కోర్సులు అందులో బాగానే ఉంటాయి.

పెన్నగట్టు, జమ్మలమడుగు

ప్రభుత్వ పథకాల మాట ఎవరూ ఎత్తలేదు. నేను ఎస్సీ, కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మీద చదివా. ఏడాదికి 125 సీట్లు, అందులో 115 ఎస్సీలకు, మిగిలినవి సంచార జాతులకు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకు, చేతివృత్తుల వాళ్లకు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, 60 శాతం మార్కులు, క్యూఎస్ ప్రపంచ యూనివర్సిటీ ర్యాంకుల్లో మొదటి 500లో ఉన్న యూనివర్సిటీ. ఎస్టీలకు వేరే మంత్రిత్వ శాఖ కింద 20 సీట్లు. రాష్ట్రంలో అయితే విదేశీ విద్యా దీవెనను 2024లో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధిగా పేరు మార్చారు. పాత రూల్స్‌లో ఆ డబ్బు నాలుగు విడతలు, మొదటిది కూడా అక్కడ దిగాకే. విమానం ఎక్కేదాకా ఖర్చు మనదే. ఇప్పటి రూల్స్ సాంఘిక సంక్షేమ శాఖలో అడిగి రాయించుకోండి.

ఒకటి గుర్తుంచుకోండి. 2025 జులైలో నేషనల్ ఓవర్సీస్‌కు ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే లెటర్లు ఇచ్చారు. మిగిలిన 66 మందికి నిధులుంటే ఇస్తామన్నారు. తర్వాత సంగతి తర్వాత, ఆ రోజుల్లో వాళ్లు పడ్డ టెన్షన్ ఊహించుకోండి. స్కాలర్‌షిప్ వచ్చిందన్న మాట చేతికి కాగితం వచ్చాక అనుకోవాలి.

అలాగని వదులుకోమనట్లేదు. 1913లో అంబేద్కర్ కొలంబియాకు పోయింది బరోడా సంస్థానం ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్లతో. తిరిగొచ్చి పదేళ్లు కొలువు చేయాలని షరతు పెట్టారు. ఇప్పటి చీవెనింగ్ వాళ్లు రెండేళ్లు స్వదేశంలో ఉండమంటే మనోళ్లు మొహం ముడుచుకుంటారు.

లెక్చరర్, కర్నూలు

నేనొక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను. రికమెండేషన్ లెటర్ల సంగతి చెప్పాలి. పిల్లలు వచ్చి అడుగుతారు, "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అంటారు చాలామంది. వాళ్లు కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకు పోతారు. అక్కడి కంప్యూటర్లో ఒక ఫైలుంటుంది, పేరు, రోల్ నంబరు మార్చి ప్రింట్ తీస్తే పది రూపాయలు. మొన్న ఒకమ్మాయి తెచ్చిన లెటర్‌లో మూడో పేరాలో ఇంకా పాత కుర్రాడి ప్రాజెక్టే ఉంది, క్రికెట్ కెప్టెన్సీతో సహా. నేను చించేసి, ఆమె కట్టిన మోడల్ చూసి మళ్లీ రాశా.

కన్సల్టెన్సీలో సీటుకు ఆ లెటర్ చాలు. స్కాలర్‌షిప్ కమిటీ దగ్గర చాలదు. మీ ప్రాజెక్టు గైడ్ ఎవరు? నిన్ను పేరుతో గుర్తుపట్టే సార్ ఒకరున్నా, బోర్ల లెక్కలు పట్టుకుని ఆయన దగ్గరికి పో.

ఏడురోడ్లు, కడప

సరే, ఒప్పుకోను గానీ ఒక మెట్టు దిగుతా. భూగర్భ జలాలు కావాలన్న పిల్లను కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్‌లో వేయడం తప్పు. నేను చదివింది నాకు కావాల్సిన కోర్సు, నాకూ ఈమెకూ అక్కడే తేడా. లోన్ తప్పు కాదు, ఈ కోర్సుకు ఈ లోన్ తప్పు.

గుత్తికోట

అందరికీ థ్యాంక్స్. నాన్నతో కూర్చున్నా. 2003లో వేసిన మొదటి బోరు 180 అడుగులు, చివరిది 740. ఆయనే అడ్డం తగిలి సంవత్సరాలు సరిచేశాడు. నాన్నకు ఇంత గుర్తుందని నాకు తెలీదు. జనవరి డిపాజిట్ కట్టట్లేదు. గ్రౌండ్‌వాచ్‌కు, ఇంకో రెండు కోర్సులకు పెడతా. శనక్కాయలక్క చెప్పింది నిజమే, ఆ భయం ఉంది. సోమవారం నుంచి ఒక వాటర్‌షెడ్ సంస్థలో ఫీల్డ్ పని, నెలకు 16 వేలు.

ఒక సమస్య. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు కన్సల్టెన్సీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. "డిపాజిట్ కట్టకపోతే ప్రాసెసింగ్ చార్జీలు 25 వేలు కట్టి తీసుకుపోండి" అంటున్నారు.

బురుజునీడ, కర్నూలు

ఒరిజినల్స్ పట్టుకోవడానికి వాళ్లకు ఏ హక్కూ లేదు. సంతకం పెట్టిన కాగితం ఏదైనా ఉంటే దాని ఫోటో ఇక్కడ పెట్టు, పేర్లు కొట్టేసి. "ఇవ్వం" అంటే, ఆ మాటే కాగితం మీద రాసిమ్మను. ఆ మాట వింటేనే సగం మంది ఇచ్చేస్తారు. ఇవ్వకపోతే టౌన్ స్టేషన్‌లో కంప్లైంట్.

శనక్కాయలక్క, అనంతపురం

ఒక్కదానివే పోవద్దు. రేపు పదకొండుకు సప్తగిరి సర్కిల్ దగ్గరికి నాన్నను తీసుకునిరా, నేనూ వస్తా.